ఓడ ఎక్కబోయే భర్తకు ఫొటో బుక్: సైజు, కాగితం, బైండింగ్, తెలుగు అక్షరాలు – సలహాలు కావాలి

సీతమ్మధార_లక్ష్మి

అందరికీ నమస్కారం. మావారు మర్చంట్ నేవీలో ఫిట్టర్. వచ్చే నెలాఖరుకు జాయినింగ్ ఉండొచ్చంటున్నారు, కాంట్రాక్టు 9 నెలలు. బయల్దేరే ముందు చేతిలో పెట్టడానికి మా ఇద్దరి ఫొటోలు, పిల్లల ఫొటోలతో ఒక పుస్తకం చేయించాలని ఉంది. పేజీలు ల్యాప్‌టాప్‌లో నేనే కూర్చుకుంటాను. ప్రింటు, బైండింగు బయట చేయించాలి.

పెళ్లి ఆల్బమ్‌లు చేసే ల్యాబ్‌కు ఇవ్వాలా, డిజిటల్ ప్రింట్ షాపుకు ఇవ్వాలా? ఫొటోల్లో సగానికి పైగా వాట్సాప్‌లో వచ్చినవే, అవి ప్రింటుకు పనికొస్తాయా? రాత అంతా తెలుగులోనే ఉండాలి. ఉప్పు గాలికి, చెమ్మకు పాడవకుండా ఏ కాగితం వాడాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

కోఠి_కలర్‌ల్యాబ్

లక్ష్మి గారూ, ముందు సైజు తేల్చుకోండి. మిగతావన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

పెళ్లి ఆల్బమ్ అంటే మన దగ్గర 12×36 అంగుళాల ప్యాడ్. ఒక్కో షీటు వైశాల్యం దాదాపు 0.28 చదరపు మీటర్లు. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాములు) లెక్క వేసుకున్నా షీటుకు 70 గ్రాములు. 40 షీట్లకు కాగితం బరువే 2.8 కిలోలు, అట్టలూ పెట్టె కలిపితే ఇంకా పైమాటే. ఓడ ఎక్కే మనిషికి అది మోత. పైగా విప్పితే మూడడుగుల వెడల్పు, క్యాబిన్‌లో బంక్ (పడక) మీద పడుకుని చూడటం కుదరదు.

మీ పనికి ఏ5 సైజు నిలువు పుస్తకం సరిపోతుంది, అంటే 148×210 మిల్లీమీటర్లు. దీనికి ఇంకో లాభం ఉంది. డిజిటల్ ప్రెస్‌లో వాడే షీటు 13×19 అంగుళాలు. ఏ5 పేజీలు ఒక్కో వైపు నాలుగు చొప్పున రెండు వైపులా ఎనిమిది పడతాయి. చాలామంది 8×8 చదరం అడుగుతారు. అది అదే షీటు మీద వైపుకు రెండే పడుతుంది, మిగిలిన కాగితం కోతలో పోతుంది. పేజీ వైశాల్యంలో తేడా మూడో వంతే, ప్రింటు ఖర్చు మాత్రం రెట్టింపు.

కాబట్టి ల్యాబ్ కాదు, డిజిటల్ ప్రెస్ ఉన్న షాపుకు వెళ్లండి. ల్యాబ్‌లో వాడే సిల్వర్ హేలైడ్ ఫొటో కాగితం రంగుల్లో బాగుంటుంది, కాదనను. కానీ దానికి ఒకవైపే బొమ్మ వస్తుంది. రెండేసి షీట్లు వీపులు కలిపి అతికించాలి కాబట్టి పుస్తకం మందం పెరుగుతుంది.

---

సెకండ్‌ఇంజనీర్_ఉద్దానం

నమస్తే చెల్లెమ్మా. ఉప్పు గాలి గురించి అంత భయం వద్దు. క్యాబిన్లలో ఏసీ తిరుగుతూనే ఉంటుంది, గాలి పొడిగానే ఉంటుంది. పుస్తకాన్ని పాడుచేసేవి వేరు.

మొదటిది నూనె. ఫిట్టర్ చేతులు ఎంత కడిగినా గోళ్ల సందుల్లో గ్రీజు మిగులుతుంది. పేజీ అంచులు మాసిపోతాయి. అందుకని పేజీల అంచుల్లో తెల్ల ఖాళీ ఎక్కువ వదలొద్దు, రంగు అంచు దాకా పోనివ్వండి.

రెండోది రోలింగ్, అంటే ఓడ పక్కలకు ఊగడం. బల్ల మీద పెట్టిన వస్తువు రాత్రికి కింద ఉంటుంది. మూలలు గట్టిగా ఉండాలి.

మూడోది దీపం. బంక్ తల దగ్గర చిన్న రీడింగ్ లైట్ ఉంటుంది, వెలుగు పేజీ మీద నేరుగా పడుతుంది. గ్లాసీ అయితే ఫొటో కనిపించదు, దీపమే కనిపిస్తుంది. మ్యాట్ పెట్టించండి.

ఇంకో సంగతి. జాయినింగ్ తేదీని నమ్ముకుని పని చివరిదాకా సాగదీయొద్దు. ఓడ రేవుకు చేరే రోజు మారితే ఫ్లైట్ కూడా ముందుకో వెనక్కో జరుగుతుంది. చెప్పిన తేదీకి రెండు వారాల ముందే పుస్తకం ఇంట్లో ఉండాలి.

---

పిక్సెల్_పంతులు

వాట్సాప్ ఫొటోల సంగతి నేను చెబుతాను.

ఏ5 నిండు పేజీకి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) కలిపి, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర కావలసింది 1819×2551 పిక్సెళ్లు. రెండు పేజీలకు పరుచుకునే ఫొటోకి 3567×2551. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడుగు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అది నిండు పేజీకి వేస్తే 190 డీపీఐ చుట్టుపక్కల వస్తుంది. చేతిలో పట్టుకుని చూసే పుస్తకానికి అది చెల్లుతుంది, కానీ ఒక్క షరతు: క్రాప్ చేయకూడదు. గుంపులోంచి ఒక ముఖాన్ని కోసి పెద్దది చేస్తే మాత్రం బుగ్గ మీద గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. అలాంటివి పేజీలో పావు వంతు సైజుకు మించనివ్వొద్దు.

అసలు మేలైన పని, ఎవరి ఫోన్లో తీశారో వాళ్లను అడిగి ‘డాక్యుమెంట్’గా పంపించుకోవడం. అప్పుడు ఒక్క పిక్సెల్ కూడా పోదు, తీసిన తేదీ కూడా ఫైల్లోనే వస్తుంది. ఫొటోగా పంపితే తేదీ చెరిగిపోతుంది. 2023 నుంచి వాట్సాప్‌లో హెచ్‌డీ అని ఒక ఎంపిక వచ్చింది, అది మామూలు దానికన్నా నయమే కానీ అసలు ఫైలు కాదు.

తేదీ పోయిన ఫొటోలకు ఫైలు పేరు చూడండి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ ఫైలు పేరు మధ్యలో 20230814 లాంటి ఎనిమిది అంకెలు ఉంటాయి. అది మీకు అందిన రోజు. పండగల ఫొటోలకు ఆ మాత్రం ఆధారం చాలు.

కృత్రిమ మేధ యాప్‌లతో పెద్దవి చేయించే ఆలోచన ఉంటే చెట్లకూ గోడలకూ వాడుకోండి, ముఖాలకు వద్దు. కళ్లనూ పళ్లనూ అది సొంతంగా గీస్తుంది. పరాయివాళ్లకు తేడా తెలియకపోవచ్చు, తొమ్మిది నెలలు అదే ముఖం చూసుకునే మనిషికి తెలుస్తుంది.

---

గాజువాక_ప్రింట్స్

నూనె చేతులు అంటున్నారు కాబట్టి ఎన్‌టీ షీటు (చిరగని ప్లాస్టిక్ షీటు) మీద ప్రింటు తీయించి వైరో (చిల్లుల్లోంచి తీగ చుట్టే బైండింగ్) వేయించండి. చిరగదు, తడిస్తే తుడుచుకోవచ్చు, పూర్తిగా తెరుచుకుంటుంది. హోటళ్ల మెనూలు ఇలాగే చేస్తాం. లేజర్‌కు పనికొచ్చే ఎన్‌టీ అని అడిగి తీసుకోవాలి, లేకపోతే మెషీన్ వేడికి షీటు ముడుచుకుంటుంది.

---

అట్టబైండు_బెజవాడ

గాజువాక గారి మాట మెనూకు సరే, ఈ పుస్తకానికి నేను ఒప్పుకోను. కారణాలు చెబుతాను.

వైరో చిల్లులు రెండు పేజీలకు పరుచుకునే ఫొటోను మధ్యలో నరికేస్తాయి. సూట్‌కేసులో పైన బూట్లు పడితే వైరో నొక్కుకుపోతుంది, ఆ తర్వాత పేజీ తిరగదు. తీగ కొస తెరుచుకుంటే పేజీలు ఊడిపోతాయి. ఎన్‌టీ మీద టోనర్ (లేజర్ ప్రింటు రంగు పొడి) పైపైన కూర్చుంటుంది తప్ప ఇంకదు. గట్టిగా మడిస్తే ఆ గీత వెంట పొలుసులు లేస్తుంది. దాన్ని జిగురుతో బైండు చేయడమూ కుదరదు, పట్టదు.

అలాగని షాపువాళ్లు ముందుగా చూపించే పర్ఫెక్ట్ బైండింగ్‌కూ ఒప్పుకోవద్దమ్మా. విడి షీట్లు పేర్చి వీపున వేడి జిగురు పూస్తారు. నున్నటి ఆర్ట్ పేపర్ మీద ఆ జిగురు పట్టు తక్కువ. బాగా విప్పి చూసే పుస్తకం కాబట్టి నడిమి పేజీలు ముందు ఊడతాయి.

సెక్షన్ కుట్టు (కాగితాలను చిన్న కట్టలుగా మడిచి, మడత మీద దారంతో కుట్టడం), గట్టి అట్ట. ఇదే చేయించండి. లెక్క ఇలా వేసుకోండి:

170 జీఎస్ఎం మ్యాట్ ఆర్ట్ పేపర్ మీద 48 ఫొటో పేజీలు. ఈ మందం కాగితాన్ని 16 పేజీల సెక్షన్‌గా మడిస్తే వీపు ఉబ్బుతుంది, అందుకని 8 పేజీల సెక్షన్లు ఆరు. కోఠి గారు చెప్పినట్టు 13×19 షీటు ఒక్కదాని మీద సరిగ్గా 8 పేజీలు వస్తాయి. అంటే ఒక షీటు ఒక సెక్షన్, మొత్తం ఆరు షీట్లు. చివర్లో రాసుకోవడానికి 100 జీఎస్ఎం మాప్‌లితో (నునుపు పూత లేని రాత కాగితం)తో 16 పేజీల సెక్షన్ ఒకటి. ఆర్ట్ పేపర్ మీద పెన్ను ఇంకదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. మాప్‌లితో మీద ఏ పెన్నయినా రాస్తుంది.

అట్టకు 2 మిల్లీమీటర్ల బోర్డు, దాని మీద 130 జీఎస్ఎం ప్రింటుకు మ్యాట్ లామినేషన్ వేసి తొడుగు. బోర్డు పేజీల కన్నా మూడు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. కింద పడినప్పుడు దెబ్బ బోర్డు తింటుంది, పేజీ మూలలు బతుకుతాయి. మొత్తం బరువు 300 గ్రాముల లోపే, మందం ఒక సెంటీమీటరు.

ప్రెస్‌లో కాగితం పీచు దిశ అడగండి. పీచు వీపుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే మడతలో కాగితం పగులుతుంది, పేజీలు అలలు తేలతాయి. 13×19లో పొడుగు పీచు షీటు తీసుకుని, ఏ4 సైజు మడతలను పొడుగు వెంట ఒకదాని కింద ఒకటి వేస్తే దిశ సరిగ్గా కుదురుతుంది. వాళ్లకు తెలిసిన విషయమే, అడిగితే జాగ్రత్త పడతారు.

---

సీతమ్మధార_లక్ష్మి

అందరికీ కృతజ్ఞతలు. కుట్టు, గట్టి అట్టకే నిర్ణయించుకున్నాను. ఒక అనుమానం. పేజీలు ఎలా మడుస్తారో నాకు తెలియదు కదా, ఫైలు ఏ వరసలో ఇవ్వాలి? రెండు పేజీలకు పరిచే ఫొటో ఎక్కడ పెట్టుకోవచ్చు? ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ కనిపించే ఫొటో ఒకటుంది, అది పెద్దగా రావాలని కోరిక.

---

అట్టబైండు_బెజవాడ

మంచి ప్రశ్నమ్మా, చాలామంది అడగరు. ఫైలు 1 నుంచి 48 వరకు వరసగా, విడివిడి పేజీలుగా పీడీఎఫ్ ఇవ్వండి. మడతకు తగ్గట్టు పేర్చడం ప్రెస్ పని. మీరు ముందే జంటలు చేసి ఇస్తే అంతా తారుమారవుతుంది.

పరుచుకునే ఫొటోకు చోటు సెక్షన్ నడుమే. 8 పేజీల సెక్షన్లో 4, 5 పేజీలు ఒకే కాగితం మీద అచ్చవుతాయి. అలా 4–5, 12–13, 20–21, 28–29, 36–37, 44–45, ఈ ఆరు చోట్ల ఫొటో అతుకు లేకుండా వస్తుంది. మిగతా చోట్ల ఎడమ సగం ఒక కాగితం మీద, కుడి సగం ఇంకో కాగితం మీద పడతాయి. మడతలో, కోతలో అర మిల్లీమీటరు జరిగినా సముద్రం గీత ఒకవైపు పైకీ ఒకవైపు కిందికీ కనిపిస్తుంది. మీ బీచ్ ఫొటో 28–29లో పెట్టండి.

ఆ నడుమ గీత మీదే దారం పోతుంది. అక్కడ ముఖాలు రాకుండా చూసుకోండి. చిక్కటి నలుపు, ముదురు నీలం కూడా మడత మీద వద్దు, టోనర్ పగిలి తెల్ల గీత తేలుతుంది. మిగతా పేజీల్లో రాతను వీపు వైపు 15 మిల్లీమీటర్లు, మిగిలిన మూడు వైపులా 8 మిల్లీమీటర్లు లోపలికి ఉంచండి.

---

ఒత్తులు_పొల్లులు

తెలుగు రాత గురించి ఎవరూ ఎత్తలేదు. ఈ పనిలో ఎక్కువ పుస్తకాలు చెడేది ఇక్కడే.

మీరు ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో కొట్టేది యూనికోడ్. మన ఊళ్లలో చాలా డీటీపీ షాపులు ఇంకా అను ఫాంట్లతో పనిచేస్తాయి, రెండింటి లోపలి కోడ్ వేరు. మీ యూనికోడ్ రాతను వాళ్లు అను ఫాంట్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు తప్పిపోతాయి, అర్ధవిరామాలు వేరే అక్షరాలవుతాయి. అందుకని షాపులో ఎవరినీ మళ్లీ కొట్టనివ్వొద్దు, మార్చనివ్వొద్దు. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ మీరే చేసి ఇవ్వండి.

ఫొటోషాప్ పాత కూర్పు వాడితే ప్రిఫరెన్సెస్‌లో ‘టైప్’ కింద ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ ఎంచుకుని ప్రోగ్రామ్ మూసి తెరవండి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్’. ఇవి పెట్టకపోతే ‘లక్ష్మి’ అనే మీ పేరే క, ష, మ ముక్కలుగా విడిపోయి, పొల్లులతో వరసగా నిలబడుతుంది. డబ్బు పెట్టకుండా కావాలంటే స్క్రైబస్ ఉంది, కొత్త కూర్పుల్లో తెలుగు ఒత్తులు సరిగ్గానే కలుస్తాయి. ఆన్‌లైన్ ఫొటో బుక్ సైట్లలోని రాత పెట్టెల్లో మాత్రం తెలుగు కొట్టొద్దు. తప్పనిసరైతే రాతను పారదర్శక పీఎన్‌జీ బొమ్మగా 600 డీపీఐలో చేసి ఫొటోలా పెట్టండి.

ముందుగా ఒక పరీక్ష పేజీ తీయండి. అందులో ఈ మాటలు ఉండాలి: లక్ష్మి, జ్ఞాపకం, స్త్రీ, రాష్ట్రం, సంక్రాంతి, శ్రీకాకుళం, వాట్సాప్‌లో. ఇవి కాగితం మీద సరిగ్గా పడితే మిగతావీ పడతాయి.

ఫాంటుకు మండలి, రామరాజ, సురన్న, గురజాడ వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫొటో కింది మాటలకు మండలి 10 పాయింట్లు హాయిగా చదవబడుతుంది. వరసల మధ్య దూరం 16 పాయింట్లకు తగ్గించొద్దు. ఇంగ్లిష్‌కు అలవాటైన 12 పాయింట్ల దూరం పెడితే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. నల్ల నేపథ్యం మీద తెల్ల తెలుగు అక్షరాలు చిన్న సైజులో అసలే వద్దు. సన్నటి గీతల్లోకి టోనర్ చేరి మూసుకుపోతాయి.

---

సీతమ్మధార_లక్ష్మి

చాలా ఉపయోగం. ఇంకో మూడు ఉన్నాయి. పిల్లల గొంతు రికార్డు చేసి క్యూఆర్ కోడ్ పెట్టొచ్చా? పాత బస్సు టికెట్లు, సినిమా టికెట్లు దాచుకున్నాను, అవి అతికించొచ్చా? పండగలకు ఒకటొకటిగా తెరిచేలా ఉత్తరాలు పెట్టాలనుంది, దానికి దారేమిటి?

---

సెకండ్‌ఇంజనీర్_ఉద్దానం

క్యూఆర్ వద్దు. నడిసముద్రంలో ఇంటర్నెట్ ఉన్నా చాలా ఓడల్లో నెలకు ఇంత డేటా అని కొలిచి ఇస్తారు, అది ఇంటికి ఫోన్ చేసుకోవడానికే చాలదు. గొంతులు, వీడియోలు మైక్రో ఎస్‌డీ కార్డులో వేసి ఇవ్వండి, ఫోన్లో కార్డు పెట్టే చోటు లేకపోతే నేరుగా ఫోన్లోకే ఎక్కించండి. పెన్‌డ్రైవ్ ఇచ్చి ఓడ కంప్యూటర్లో చూసుకోమనొద్దు. 2021 నుంచి ఓడల భద్రతా వ్యవస్థలో సైబర్ జాగ్రత్తలు కూడా చేర్చాల్సి వచ్చింది, బయటి డ్రైవ్ తగిలించడం చాలా కంపెనీల్లో నిషేధం.

ఇంకో ఉపాయం. క్యాబిన్ గోడలు ఇనుప రేకు పలకలే, పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. చాలా ఓడల్లో అయస్కాంతం అంటుకుంటుంది. పుస్తకంతో పాటు 4×6 ఫొటోలు ఆరో ఎనిమిదో, చిన్న అయస్కాంతాలు డజను ఇవ్వండి. టేపు అంటించి గోడ పాడుచేస్తే సైన్ ఆఫ్ (ఓడ దిగే) రోజున గీకాల్సింది ఆయనే.

గాజువాక గారి ఎన్‌టీ షీటును నేను వదులుకోను. పిల్లల ఫొటో ఒకటి 2×3 అంగుళాల ఎన్‌టీ కార్డుగా తీయించి మూలలు గుండ్రంగా కోయించండి. బాయిలర్ సూట్ (ఓడలో పనికి వేసుకునే దుస్తులు) జేబులో పెట్టుకోవచ్చు. చెమట పట్టినా ఏమీ కాదు.

---

పిక్సెల్_పంతులు

టికెట్లు అతికించకండి, లామినేషన్ అసలు వద్దు. ఆర్టీసీ యంత్రం టికెట్టు, మల్టీప్లెక్స్ టికెట్టు థర్మల్ కాగితం. వేడి తగిలితే నల్లబడేలా చేసిన కాగితం అది. లామినేటర్‌లో పెడితే టికెట్టు మొత్తం ఒక్క క్షణంలో నల్లగా మాడుతుంది. ప్లాస్టిక్ కవర్లో దాచినా రాత వెలిసిపోతుంది. వాటిని 600 డీపీఐలో స్కాన్ చేసి ఫొటోలాగే పేజీలో పెట్టండి. ఇప్పటికే వెలిసి ఉంటే స్కాన్ ఫైల్లో లెవెల్స్ (వెలుగునీడలు) సర్దండి, కంటికి ఆనని అంకెలు కూడా చాలాసార్లు బయటపడతాయి.

పాత 4×6 ప్రింట్లు ఉంటే అవీ 600లోనే స్కాన్ చేయండి. 2400×3600 వస్తుంది, నిండు పేజీకి ధారాళంగా సరిపోతుంది. పిల్లల గీతలు, చేతిరాత స్కాన్ చేశాక ఫొటోషాప్‌లో ఆ లేయరుకు ‘మల్టిప్లై’ పెడితే కాగితం తెలుపు మాయమై సిరా మాత్రమే మిగులుతుంది.

ఇంట్లో ఉండే కాపీకి క్యూఆర్ పెట్టుకుంటే పెట్టుకోండి. వైపుకు 2 సెంటీమీటర్లు తగ్గకుండా, తెలుపు మీద నలుపు, చుట్టూ ఖాళీ వదిలి. ‘డైనమిక్’ కోడ్ ఇచ్చే సైట్లు వద్దు. వాళ్ల ఉచిత గడువు తీరగానే కోడ్ చచ్చిపోతుంది.

---

అట్టబైండు_బెజవాడ

ఉత్తరాలకు వెనక అట్ట లోపల జేబు పెడదాం. 250 జీఎస్ఎం కార్డుతో చేసి, పక్కలకు 5 మిల్లీమీటర్ల మడతలు ఇస్తే నాలుగైదు పల్చటి కవర్లు పడతాయి. కవర్ల మీద ‘వినాయక చవితి’, ‘దసరా’, ‘పెళ్లిరోజు’ అని రాసి 70 జీఎస్ఎం కాగితం మీద ఉత్తరాలు పెట్టండి. అంతకన్నా ఎక్కువ కుక్కితే అట్ట మూసుకోదు, వీపు ఒకవైపు లాగుతుంది. జేబు కావాలని బైండింగుకు ముందే చెప్పాలి. తర్వాత అతికిస్తే జిగురు తడికి అట్ట వంగుతుంది.

---

కాకినాడ_లేఅవుట్

కాగితం, కుట్టు అయ్యాయి కాబట్టి లోపల ఏముండాలో చెబుతాను. 48 పేజీలకు 70 ఫొటోలు మించొద్దు. ఆరు నిండు జంటలు 12 పేజీలు తీసుకుంటాయి. మిగిలిన 36లో సగం పేజీకి ఒక్కటే, సగం పేజీకి రెండు మూడు. ఒక పేజీలో తొమ్మిది గళ్లు పెట్టి ముఖాలన్నీ బొటనవేలి గోరంత చేయడం ఏ5లో పెద్ద పొరపాటు.

ఎంపికలో అందరూ పండగ బట్టలు, తిరుపతి, పెళ్లిళ్లు ముందు పెడతారు. అవి పావు వంతు ఉంటే చాలు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు వెతుక్కునేది మామూలు రోజును. గేటు తెరిస్తే కనిపించే మెట్లు, తులసికోట, వంటింటి కిటికీలోంచి పడే ఎండ, పిల్లల స్కూలు బ్యాగులు పడేసి ఉన్న మూల. ఇవి మీ ఫోన్లో ఉండవు. రేపు ఉదయం ఏడింటికీ సాయంత్రం ఐదింటికీ ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు ఇల్లంతా తిరిగి తీయండి. ఫ్లాష్ వద్దు. తలుపు చౌకట్టు మీద పిల్లల ఎత్తు గీతలు ఉంటే అది తప్పక తీయండి. తిరిగొచ్చేసరికి కొత్త గీత ఎక్కడ ఉంటుందో ఆయన ఊహించుకుంటారు.

ప్రతి ఫొటో కింద ‘మధుర క్షణాలు’ లాంటి మాటలు రాయొద్దు. ఏ రోజు, ఎక్కడ, ఎవరెవరు, అప్పుడు ఎవరేమన్నారు. ‘సంక్రాంతి 2024, మేడ మీద. గాలిపటం తెగింది, చిన్నోడు అన్నం మానేశాడు’ అంటే ఆ ఒక్క ముక్కతో రోజంతా కళ్లముందుకొస్తుంది. మీరు మాట్లాడే భాషలోనే రాయండి, పుస్తక భాష వద్దు.

ప్రతి పేజీకీ నంబరు వేయండి. ఇలాంటివి ఎప్పుడూ రెండు కాపీలు తీయించాలి. ఆరు షీట్లే కాబట్టి రెండో కాపీకి ప్రింటు ఖర్చు కొంచెమే పెరుగుతుంది. ఫోన్ కలిసినప్పుడు ‘28 తియ్’ అంటే ఇద్దరి ముందూ ఒకే బీచ్ ఉంటుంది.

---

కోఠి_కలర్‌ల్యాబ్

రంగు గురించి రెండు మాటలు. ఫోన్ తెర వెనక నుంచి వెలుగు వస్తుంది, కాగితానికి అది లేదు. తెర మీద సరిగ్గా ఉన్నది కాగితం మీద ఒక మెట్టు చీకటిగా వస్తుంది. ల్యాప్‌టాప్ వెలుగు సగానికి తగ్గించి ఫొటోలు చూడండి. అప్పుడు నీడలో ముఖం కనిపించకపోతే ప్రింటులోనూ కనిపించదు. ట్యూబ్‌లైటు కింద తీసినవాటిలో ఆకుపచ్చ ఛాయ, పాత బల్బు కింద తీసినవాటిలో పసుపు తీసేయండి.

అన్ని ఫైళ్లూ ఎస్ఆర్‌జీబీ (తెరల రంగుల పద్ధతి)లోనే ఉంచండి. మీరే సీఎంవైకే (అచ్చు రంగుల పద్ధతి)లోకి మారిస్తే ప్రెస్ యంత్రం మళ్లీ మారుస్తుంది, చర్మం రంగు బూడిదగా తేలుతుంది. ఐఫోన్ హెచ్ఈఐసీ ఫైళ్లను జేపెగ్‌గా మార్చి ఇవ్వండి.

మొత్తం ప్రింటుకు ముందు ఒకే ఒక్క 13×19 షీటు పరీక్షగా తీయించండి. ఒకే ముఖం మూడు వెలుగుల్లో, ఒక రాత్రి ఫొటో, ఒక వాట్సాప్ ఫొటో, తెలుగు పరీక్ష మాటలు. అదే 170 మ్యాట్ మీద, అదే మెషీన్లో. షాపు లైట్ల కింద చూడకుండా బయట పగటి వెలుగులోకి తెచ్చి చూడండి. ఒక్క షీటు ధరతో మొత్తం పని నిలబడుతుంది.

అట్టకు నలుపు ఎంచుకోకండి. మ్యాట్ లామినేషన్ మీద ముదురు రంగయితే ప్రతి వేలిముద్రా, ప్రతి గీతా కనిపిస్తుంది. వెల్వెట్ లామినేషన్ అనేది ఇంకా ఎక్కువగా నూనె చూపిస్తుంది. లేత బూడిద, ఇసుక రంగు, లేదా ఫొటోనే అట్ట నిండా వేస్తే మరకలు కలిసిపోతాయి. గీతలు పడని మ్యాట్ ఫిల్ము దొరికితే అదే అడగండి.

---

సెకండ్‌ఇంజనీర్_ఉద్దానం

ఒక జాగ్రత్త చెప్పడం మరిచారు అందరూ. క్యాబిన్‌ను తనిఖీ చేస్తారు. దొంగచాటుగా ఎక్కినవాళ్ల కోసం ఓడవాళ్లే వెతుకుతారు, కొన్ని రేవుల్లో కస్టమ్స్‌వాళ్లు సామాను విప్పుతారు. గల్ఫ్ రేవుల్లో ఇంకా గట్టిగా ఉంటుంది. పదిమంది చూసినా ఇబ్బంది లేని ఫొటోలే పుస్తకంలో పెట్టండి. పాస్‌పోర్టు, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), పిల్లల స్కూలు ఐడీ కార్డు నంబర్లు కనిపించే ఫొటోలు వద్దు.

---

గాజువాక_ప్రింట్స్

దానికి తోడు షాపు వైపు జాగ్రత్త. పెన్‌డ్రైవ్‌లో ఆ పీడీఎఫ్ ఒక్కటే ఉంచి తీసుకెళ్లండి, ఫొటోల ఫోల్డరు మొత్తం వద్దు. ప్రింటు తీసేటప్పుడు దగ్గరుండి, అయ్యాక కంప్యూటర్లో కాపీ తీసేయమని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు, మేం రోజూ చేస్తాం. చెడిపోయిన షీట్లు కూడా వెనక్కి తీసుకోండి.

ఎన్‌టీ కార్డు సంగతి ఒప్పుకున్నందుకు సంతోషం ఉద్దానం గారూ. ఆ 2×3 కార్డులు ఒకే షీటులో బోలెడు పడతాయి లక్ష్మి గారూ, నాలుగైదు రకాల ఫొటోలు వేయించుకోండి.

---

సీతమ్మధార_లక్ష్మి

పరీక్ష షీటు ఈ వారం తీయిస్తాను. చివరగా ఒకటి. షీట్లు ప్రింటయ్యాక అదే రోజు బైండింగుకు ఇచ్చేయొచ్చా? తెచ్చుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

---

అట్టబైండు_బెజవాడ

టోనర్ ప్రింటయితే అదే రోజు ఇవ్వొచ్చు. ఇంక్‌జెట్ అయితే ఒక రోజు ఆరనివ్వాలి. షీట్లను చుట్టచుట్టి తేవొద్దు, రెండు అట్టల మధ్య బల్లపరుపుగా తీసుకెళ్లండి.

కుట్టు అయ్యాక, అట్ట వేయకముందు ఒకసారి చూపించమని అడగండి. అప్పుడు 1 నుంచి 48 వరకు పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో తిప్పి చూడండి. సెక్షన్ తలకిందులైతే అప్పుడే సరిచేయగలం, అట్ట పడ్డాక విప్పితే మొదటి పేజీలు చిరుగుతాయి. 28–29 విప్పి సముద్రం గీత కలిసిందో లేదో చూడండి.

అట్ట వేశాక పుస్తకం బరువు కింద 24 గంటలు ఉండాలి. సాయంత్రానికే కావాలని తొందరపెడితే జిగురు తడి ఆరకముందే చేతికొస్తుంది, రెండు రోజుల్లో అట్ట బయటికి వంగుతుంది. మైదా లై వాడేవాళ్లయితే వద్దని చెప్పండి, పురుగు పడుతుంది. పీవీఏ జిగురు, అంటే మామూలు ఫెవికాల్ రకం, వాడమనండి. ఇంటికి తెచ్చాక ఒకేసారి మధ్యకు విరిచి తెరవొద్దు. బల్ల మీద వీపు ఆనించి నిలబెట్టి, ముందు నుంచి ఐదారు ఆకులు, వెనక నుంచి ఐదారు ఆకులు మార్చి మార్చి వాలుస్తూ వేలితో వీపు వెంట నిమరండి. అలా నడుమకు చేరితే కుట్టు సర్దుకుంటుంది, ఆ తర్వాత ఏ పేజీ దగ్గర తెరిచినా దానంతట అదే పరుచుకుని ఉంటుంది.